కేస్ షీట్‌కీ జన్యువుకీ మధ్య నిలబడే మనిషి

ఆపరేషన్ బల్ల మీదున్న రోగికి గొంతులో గొట్టం వేయాలంటే ముందు కండరాలు సడలాలి. అందుకు మత్తు డాక్టర్లు వాడే ఇంజెక్షన్లలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. దాని ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే. రక్తంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును విరిచేస్తుంది, రోగి మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లకు ఆ నిమిషాలు గంటలవుతాయి. ఆపరేషన్ పూర్తయినా ఛాతీ కదలదు. మందు విరిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. ఈ లోపం ప్రపంచంలో బాగా అరుదు. మన వైశ్య కుటుంబాల్లో మాత్రం ఇతర సమూహాలతో పోలిస్తే దాదాపు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వేసిన పత్రంలో ఈ సంగతి ఉంది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించిన ఆ పత్రం, వాటిలో 81 సమూహాల్లో ఇలాంటి అరుదైన వారసత్వ జబ్బులు పేరుకునే అవకాశం బలంగా ఉందని తేల్చింది. ఎన్నో తరాల కిందట కొద్ది కుటుంబాలతో మొదలై, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన ఏ సమూహంలోనైనా జరిగేదే ఇది. ఒకరి ఎక్కువా తక్కువా ఇందులో లేదు.

అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. ఈ జ్ఞానం తెనాలిలోనో నంద్యాలలోనో అర్ధరాత్రి ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మత్తు డాక్టరు దగ్గరికి ఎలా చేరాలి? అనుభవం ఉన్న డాక్టర్లు నోటితో అడిగి తెలుసుకుంటారు, మీ ఇంట్లో ఎవరైనా మత్తు ఇచ్చాక ఆలస్యంగా కోలుకున్నారా అని. మంచి అలవాటే, కానీ అడగడం మరిచిన రోజు సంగతేమిటి? కంప్యూటర్లో కులం గడి ఒకటి పెట్టి, దాన్ని బట్టి హెచ్చరిక ఇప్పిస్తే సరిపోతుందని ఒక ప్రోగ్రామర్‌కు తోచవచ్చు. అది తప్పు దారి. ఆ సమూహంలో చాలామందికి ఈ లోపం ఉండదు, బయటివాళ్లలో కొందరికి ఉంటుంది. పైగా ఆసుపత్రి రికార్డులోకి కులం ఎక్కడం ఎవరికీ మేలు చేయదు. రికార్డులోకి ఎక్కాల్సింది ఎంజైమ్ పరీక్ష ఫలితం, లేదా జన్యు పరీక్ష ఫలితం. అది స్కాన్ చేసిన కాగితంగా ఏ ఫోల్డర్లోనో పడి ఉంటే ఉపయోగం లేదు. అలర్జీలు రాసే చోట, యంత్రం చదవగలిగే కోడ్‌తో ఉండాలి. మందు పేరు టైప్ చేయగానే తెర మీద హెచ్చరిక రావాలి. పదేళ్ల తర్వాత అదే మనిషి వేరే ఊళ్లో వేరే ఆసుపత్రిలో చేరినా ఆ హెచ్చరిక వెంట రావాలి. ఇదంతా ఎవరి పని? జన్యువును చదివిన శాస్త్రవేత్తకు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తెలియదు. సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీరుకు ఆ మందు సంగతి తెలియదు. డాక్టరుకు ఈ రెండింటితో కూర్చునే తీరిక లేదు. ఈ ముగ్గురి మధ్యా ఖాళీగా ఉన్న కుర్చీ కోసం మనం ఇంతవరకూ ఎవరినీ తయారు చేయలేదు. ఆసుపత్రి సమాచారాన్ని చూసే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్, జన్యు సమాచారాన్ని చూసే బయోఇన్ఫర్మాటిక్స్ రెండూ కలిసిన రెండేళ్ల వృత్తి విద్యా మాస్టర్స్ కోర్సును తెలుగు రాష్ట్రాల్లో పెట్టాలనీ, దాన్ని ఇంజనీరింగ్ కాలేజీలో కాక బోధనాసుపత్రి ఆవరణలోనే నడపాలనీ ఈ వ్యాసం వాదన.

పేర్లు కొత్తగా అనిపించినా ఈ చదువు కొత్తది కాదు. జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం, హైల్‌బ్రాన్ కళాశాల కలిసి 1972లోనే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో డిగ్రీ మొదలుపెట్టాయి. అమెరికాలో క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్‌ను వైద్యంలో ఒక ఉప-స్పెషాలిటీగా 2011లో గుర్తించారు, 2013 నుంచి డాక్టర్లు అందులో బోర్డు పరీక్ష రాస్తున్నారు. సైన్సు చదివినవాళ్లందరూ పీహెచ్‌డీ వైపే వెళ్లనక్కర్లేదు, పరిశోధనా గ్రంథానికి బదులు పనిచేసే చోట శిక్షణతో ముగిసే మాస్టర్స్ కూడా ఉండాలన్న ఆలోచనకు అక్కడి స్లోన్ ఫౌండేషన్ 1997 నుంచి డబ్బు పెట్టింది. మన పార్లమెంటు కూడా వెనకబడలేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద 2021లో చేసిన చట్టం పది రకాల వృత్తులను గుర్తిస్తే, అందులో పదోది హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. చట్టంలో చోటు దొరికింది. ఆసుపత్రిలో మాత్రం ఆ పేరుతో కుర్చీ కనిపించడం గగనం.

కుర్చీ లేదు కానీ దాని చుట్టూ కట్టడం మాత్రం చాలా జరిగింది. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి 2000లోనే అపోలో సంస్థ టెలిమెడిసిన్ నడిపింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దానితో పాటే ప్రతి ఆపరేషన్‌కూ ముందస్తు అనుమతి, స్కానింగ్ ఫొటోలు, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ ఆన్‌లైన్లో ఎక్కించే పద్ధతి వచ్చింది. వెల్‌నెస్ సెంటర్ల నుంచి డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లోనే ముందుగా మొదలైంది. 2023 ఫిబ్రవరికి దేశమంతటా పది కోట్ల సంప్రదింపులు పూర్తయితే, అందులో అన్నిటికంటే పెద్ద వాటా ఆంధ్రదే. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించి, మనిషికో 14 అంకెల ఆభా నంబరు ఇస్తోంది. మరోవైపు సీసీఎంబీతో సహా ఇరవై సంస్థలు కలిసి నడిపిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది భారతీయుల పూర్తి జన్యుపటాలను 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని జాతీయ డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. రోడ్లు వేశాం, బళ్లు కొన్నాం. నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చే బడి ఒక్కటే మిగిలిపోయింది.

ఆ లోటు ఎక్కడ కొడుతుందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే జనాన్ని మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా తినేస్తోంది. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నేలలోని ఖనిజాలా, వంశపారంపర్యమా, ఇవన్నీ కలిసా అన్నది ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. ఇలాంటి జబ్బు కారణం పట్టుకోవాలంటే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ వేలమంది రక్తంలో ఏడాదికేడాది ఎలా మారుతోందో చూడాలి. క్రియాటినిన్ ఒక్క అంకె కదా, ఇందులో కష్టమేముందని అనిపిస్తుంది. ఒక ల్యాబ్ 1.2 అని ఇస్తుంది, అది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. అదే రక్తానికి ఇంకో యంత్రం 106 అని చూపుతుంది, అది లీటరుకు మైక్రోమోల్స్‌లో. ఒక ల్యాబ్‌లో పాత జాఫే పద్ధతి, ఇంకోచోట ఎంజైమ్ పద్ధతి. రెండింటి ఫలితాల మధ్య ఉండే చిన్న తేడా, జబ్బు తొలి దశలో రోగిని 'ఉంది' నుంచి 'లేదు'లోకి తోసేయగలదు. చీటీ మీద పరీక్ష పేరు ఒకచోట 'ఎస్. క్రియాటినిన్', ఇంకోచోట 'సీరమ్ క్రియాట్', మరోచోట 'ఆర్ఎఫ్‌టీ'లో ఒక వరస. మిల్లీగ్రాముల్లో కొలిస్తే 2160-0 అని, మైక్రోమోల్స్‌లో కొలిస్తే 14682-9 అని లోయింక్ అనే అంతర్జాతీయ కోడ్ వీటిని విడదీసి చూపుతుంది. భారత ప్రభుత్వం 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలు కూడా ఆ కోడ్‌నే వాడమంటున్నాయి. కానీ ఏ ల్యాబ్‌లో ఏ యంత్రం, ఏ పద్ధతి, ఏ కోడ్ అన్నది ఒక మనిషి కూర్చుని సరిపోల్చి పెట్టాలి. ఆ పని జరగకపోతే పదేళ్ల అంకెలు పోగుపడతాయే తప్ప వాటిలో ఉద్దానం కనిపించదు.

పేర్ల సంగతి మరీ మనకు సొంతమైన చిక్కు. ఇంటిపేరు ముందుండే అలవాటు మనది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఓపీ చీటీలో పొడి అక్షరం ఉంటుంది, రేషన్ కార్డులో అసలుండదు. ఇంగ్లిషులో లక్ష్మిని ఒకరు 'కె-ఎస్-హెచ్' పెట్టి రాస్తారు, ఇంకొకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లకు జనవరి 1 పడటం మామూలే. ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరు లక్ష్ములను కంప్యూటర్ ఒకరిగా కలిపేసినా ప్రమాదమే, ఒకే లక్ష్మిని ఇద్దరిగా విడదీసినా ప్రమాదమే. మొదటి దానిలో ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. రెండో దానిలో పెన్సిలిన్ పడదన్న హెచ్చరిక ఏ రికార్డులోనో మిగిలిపోతుంది. అమెరికన్ పేర్ల మీద తయారైన సరిపోల్చే పద్ధతులు ఇక్కడ నేరుగా పనికిరావు. మన ఇంటిపేర్ల తీరు తెలిసినవాళ్లే తెలుగు పేర్లకు తగిన పద్ధతి రాయగలరు.

సేకరించిన సమాచారం ఎందుకోసం సేకరించారన్నది మరిచిపోవడం ఇంకో పెద్ద పొరపాటు. అమెరికాలో విరివిగా వాడిన ఒక ఆరోగ్య అల్గారిథమ్ మీద 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఇందుకు పాఠం. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో చెప్పడానికి ఆ అల్గారిథమ్ జబ్బు తీవ్రతకు బదులు వైద్యం మీద అయిన ఖర్చును కొలమానంగా తీసుకుంది. నల్లజాతివారికి వైద్యం అందేదే తక్కువ కాబట్టి వాళ్ల మీద అయ్యే ఖర్చూ తక్కువ. అందువల్ల అదే స్థాయి జబ్బున్నా వాళ్లు ఆరోగ్యవంతుల్లా కనిపించారు. ఆ పక్షపాతాన్ని సరిచేస్తే అదనపు సాయం అందాల్సినవాళ్లలో నల్లజాతివారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. ఇప్పుడు మన ఆరోగ్యశ్రీ సమాచారాన్ని తలుచుకోండి. దాదాపు రెండు దశాబ్దాల గని అది. కానీ అది బిల్లుల గని. ప్యాకేజీ కోడ్ ప్రకారం డబ్బు చెల్లించడానికి పుట్టిన సమాచారం. ఏ ప్యాకేజీకి డబ్బు వస్తుందో ఆ జబ్బు పేరే కాగితం మీదికి ఎక్కే అవకాశం ఎక్కువ. పాడేరు ఏజెన్సీలో డోలీ మీద కొండ దిగలేక ఇంట్లోనే ఉండిపోయిన గిరిజన తల్లి పేరున ఒక్క క్లెయిమూ ఉండదు. రేపు ఎవరైనా ఈ సమాచారంతో ఏ మండలానికి ఎన్ని వైద్య వనరులు కావాలో అంచనా వేసే మోడల్ తయారు చేస్తే, అందులో ఆ తల్లి నిక్షేపంగా ఉన్నట్టే లెక్క. దీన్ని పట్టుకోవడానికి గణితం ఒక్కటే చాలదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర ఏం రాస్తాడో, ఎందుకు రాస్తాడో చూసి ఉండాలి.

జన్యువుల వైపు కూడా ఇదే కథ, ఇంకా ప్రాణాంతకంగా. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక బృందం, కణితిలో జన్యువుల పనితీరు చూసి ఏ క్యాన్సర్ రోగికి ఏ కీమో పనిచేస్తుందో ముందే చెప్పగలమని ప్రకటించింది. దాని ఆధారంగా 2007 నుంచి రోగుల మీద ట్రయల్స్ కూడా మొదలయ్యాయి. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్లో కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు బయోస్టాటిస్టిక్స్ నిపుణులు ఆ లెక్కలు మళ్లీ చేద్దామని కూర్చుంటే ఫలితాలు రాలేదు. తవ్వి చూస్తే పట్టికలో జన్యువుల పేర్లు ఒక్క వరస కిందికి జరిగి ఉన్నాయి. కొన్నిచోట్ల మందుకు లొంగే కణాలను లొంగనివిగా, లొంగనివాటిని లొంగేవిగా తారుమారుగా రాసి ఉన్నాయి. వాళ్లిద్దరూ 2009లో ఈ లోపాలన్నీ అచ్చులో పెట్టారు. ట్రయల్స్ పూర్తిగా ఆగడానికి 2010 దాకా పట్టింది. ఒక వరస జరగడం చిన్న తప్పే. ఆ వరస కింద మనుషులున్నారు. ఇంతకంటే చిన్న తప్పూ ఒకటుంది. సెప్టిన్ అనే కుటుంబంలో ఒక జన్యువు పేరు పొట్టిగా 'సెప్ట్2'. ఎక్సెల్‌లో దాన్ని టైప్ చేస్తే సెప్టెంబర్ 2 అనే తేదీ అయిపోతుంది. 'మార్చ్1' అనే జన్యువుకూ అదే గతి. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో ఐదో వంతులో ఈ పొరపాటు ఉందని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క తేల్చారు. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘమే దిగివచ్చి ఆ జన్యువుల పేర్లు మార్చింది. సాఫ్ట్‌వేర్‌ను మార్చలేక ప్రకృతికి పెట్టిన పేరునే మార్చాల్సి వచ్చింది. ఇలాంటి తప్పులు పట్టే కన్ను పుస్తకంతో రాదు. తప్పులున్న అసలు ఫైళ్ల మీద నెలల తరబడి కూర్చుంటే వస్తుంది.

మొదటి అభ్యంతరం హైదరాబాద్ నుంచే వస్తుంది. లక్షల మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్న ఊళ్లో వేరే డిగ్రీ ఎందుకు, ఆరు నెలల సర్టిఫికెట్‌తో వాళ్లే నేర్చుకుంటారు కదా, కోడ్ రాసే పని ఎలాగూ ఏఐ చేస్తోంది కదా అంటారు. కోడ్ రాయడం తేలికవుతున్న మాట నిజమే. కానీ కోడ్ ఎప్పుడూ ఇందులో కష్టమైన భాగం కాదు. అమెరికా ఆసుపత్రుల్లో విరివిగా వాడే ఎపిక్ సంస్థ సాఫ్ట్‌వేర్లో సెప్సిస్‌ను ముందుగా పసిగట్టే మోడల్ ఒకటుంది. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడంతో అవయవాలు దెబ్బతినే స్థితి సెప్సిస్, గంట గంటకూ ప్రాణం జారిపోయే స్థితి అది. మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ మోడల్‌ను 38,455 ఇన్‌పేషెంట్ కేసుల మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేదు. అదే సమయంలో మొత్తం కేసుల్లో 18 శాతానికి హెచ్చరికలు మోగించింది. పట్టుకోవాల్సినవాళ్లను వదిలేసి, నర్సులను అనవసరంగా పరుగెత్తించిందన్నమాట. ఆ మోడల్ రాసినవాళ్లకు కోడింగ్ రాక కాదు. ఒక ఆసుపత్రిలో తయారైన మోడల్ ఇంకో ఆసుపత్రిలో పనిచేస్తుందా లేదా అని అక్కడి రోగుల మీద పరీక్షించి, చెయ్యదని ధైర్యంగా రాయగలిగిన మనుషులు మిచిగన్‌లో ఉన్నారు. రేపు గాంధీ ఆసుపత్రికో విశాఖ కేజీహెచ్‌కో ఇలాంటి మోడల్ అమ్మడానికి ఎవరైనా వస్తే కొనాలా వద్దా అని పరీక్షించి చెప్పేదెవరు? ఏఐ వస్తున్న కొద్దీ ఈ మనిషి అవసరం పెరుగుతుంది, తగ్గదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది, ఎందుకంటే అది అనుభవం నుంచి వచ్చింది. మానవ జన్యుపటం తొలి చిత్తు 2000లో ప్రకటించాక మన దగ్గర బయోఇన్ఫర్మాటిక్స్ మీద మోజు ఎంత లేచిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం అంతకు ముందే, 1980ల చివర్లోనే, దేశవ్యాప్త బయోఇన్ఫర్మాటిక్స్ నెట్‌వర్క్ మొదలుపెట్టింది. టీసీఎస్ 2004లో సీఎస్ఐఆర్‌తో కలిసి 'బయోసూట్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ప్రైవేటు కాలేజీలు బీటెక్కులు, ఎమ్మెస్సీలు తెరిచాయి. చేరిన పిల్లల్లో చాలామంది చివరికి మామూలు ఐటీ ఉద్యోగాల్లోకే పోయారు, చాలా కోర్సులు ఖాళీగా మూతపడ్డాయి. మళ్లీ అదే బావిలో దూకమంటారా అని తల్లిదండ్రులు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. జవాబు ఆ వైఫల్యంలోనే ఉంది. ఆ కోర్సుల్లో విద్యార్థులు తెర మీద డేటాబేస్‌లు వెతకడం, రెండు ప్రొటీన్ వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చడం నేర్చుకున్నారు. ఒక రోగిని గానీ, ఒక ల్యాబ్ నమూనాను గానీ చూడకుండా డిగ్రీ అందుకున్నారు. పరిశోధనకు వెళ్లాలంటే పీహెచ్‌డీ కావాలి, ఆసుపత్రికి వెళ్దామంటే ఆసుపత్రికి వాళ్లెవరో తెలియదు. తలుపు ఎటూ తెరుచుకోలేదు. అందుకే బయోఇన్ఫర్మాటిక్స్‌ను ఒంటరిగా మళ్లీ పెట్టమని నేను అనను. రెండేళ్ల ఎమ్మెస్సీగా అది ఒక్కటే ఇప్పటికీ బలహీనమైన డిగ్రీయే. దానికి ఆసుపత్రి వైపు తలుపు తెరిచేది మెడికల్ ఇన్ఫర్మాటిక్స్. అలాగే జన్యుజ్ఞానం లేని మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఆగిపోతుంది. క్యాన్సర్ వార్డులోనూ, పుట్టిన బిడ్డల పరీక్షల్లోనూ జన్యు నివేదికలు ఇప్పటికే మామూలు కాగితాలైపోతున్నాయి. దక్షిణాసియా వాసుల్లో దాదాపు నాలుగు శాతం మందిలో గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యులోపం ఉందని 2009లోనే తేలింది. నాలుగు శాతమంటే ఏ జిల్లా ఆసుపత్రి ఓపీలోనైనా రోజూ కనిపించే సంఖ్య. ఆ సమాచారాన్ని డాక్టరు దగ్గరికి ఏ రూపంలో, ఎప్పుడు, ఎంత నమ్మకంతో తీసుకెళ్లాలో తెలియాలంటే రెండు చదువులూ ఒకే తలలో ఉండాలి.

అలాంటి తల ఎలా తయారవుతుంది? సగం సీట్లు ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు, సగం ఇంజనీరింగ్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇచ్చి, మొదటి రోజు నుంచీ జంటలుగా పని చేయించాలి. ఇంజనీరు వార్డు రౌండ్లకు వెళ్లాలి. రాత్రి డ్యూటీలో నర్సు ఒకే బీపీని మూడు చోట్ల ఎందుకు రాయాల్సి వస్తోందో కళ్లారా చూడాలి. నర్సు డేటాబేస్ కట్టడం నేర్చుకోవాలి. మెడికల్ రికార్డ్స్ గదిలో కొన్ని వారాలు తప్పనిసరి చేయాలి, తాళ్లతో కట్టిన కేస్ షీట్ల మధ్య. అక్కడే తెలుస్తుంది డిశ్చార్జ్ సమ్మరీలో 'గమనిక' అన్న గడి ఎందుకెప్పుడూ ఖాళీగా ఉంటుందో. భాష కూడా పాఠ్యాంశమే కావాలి. మన రోగి 'వేడి చేసింది' అంటాడు, 'దడగా ఉంది' అంటాడు, 'నరాల వీక్‌నెస్' అంటాడు, 'వాతం పట్టింది' అంటాడు. ఓపీలో డాక్టరు అరనిమిషంలో దాన్ని ఇంగ్లిషులోకి మార్చి రాసేస్తాడు, ఆ మార్పులో సగం అర్థం జారిపోతుంది. 'వేడి చేసింది' అన్న మాటకు జ్వరమని కోడ్ వేయాలా, మూత్రంలో మంట అని వేయాలా, నోటి పూత అని వేయాలా? మూడూ కావచ్చు. గొంతు విని తెలుగును అక్షరాల్లోకి మార్చే యంత్రాలు ఓపీల్లోకి వచ్చే రోజు దూరంలో లేదు. వాటికి ఈ తేడాలు నేర్పేది గోదావరి యాసా, తెలంగాణ యాసా, రాయలసీమ యాసా విని పెరిగిన విద్యార్థే. రెండో ఏడాది మొత్తం ఒకే ఆసుపత్రిలో, ఒకే అసలు సమస్య మీద గడపాలి. థీసిస్ అక్కర్లేదు. పోయేటప్పుడు ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక వస్తువును వదిలి వెళ్లాలి.

ఈ చదువు కోసం మన పిల్లలు అమెరికా వెళుతున్నారు కదా, వాళ్లు తిరిగొస్తే చాలదా అని ఒక మాట వినిపిస్తుంది. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3.31 లక్షల పైచిలుకు, అందులో తెలుగువాళ్లు ఎంత పెద్ద గుంపో ప్రతి వీధికీ తెలుసు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్‌లో చేరేవాళ్లూ అందులో ఉన్నారు. మంచి చదువే. కాకపోతే అక్కడ నేర్చుకునేది అక్కడి ఇన్సూరెన్స్ కోడ్లు, అక్కడి ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, అక్కడి చట్టాలు. ఆరోగ్యమిత్రను, ఏఎన్ఎంను, ఓపీ చీటీని వాళ్లకు ఎవరూ నేర్పరు. వాళ్లు వస్తే అధ్యాపకులుగా రావాలి, అదే వాళ్ల సరైన చోటు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం డబ్బుది. మంచాలు చాలక రోగులు నేల మీద పడుకుంటున్న ఆసుపత్రిలో డేటా నిపుణుడికి జీతం ఇవ్వడం న్యాయమేనా? ఆ జీతంతో ఇంకో స్టాఫ్ నర్సును పెట్టొచ్చు కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయకూడదు, అడిగేవాళ్లు రోగి పక్షాన నిలబడి అడుగుతున్నారు. ఒక జిల్లా ఆసుపత్రిలో ఒకే పోస్టుకు నర్సునా, ఇన్ఫర్మాటిక్స్ మనిషినా అని తేల్చుకోవాల్సి వస్తే నర్సునే పెట్టాలి. కానీ అసలు లెక్క వేరే చోట ఉంది. డిజిటల్ పనుల భారం ఇప్పుడు ఎవరి మీద పడుతోంది? అదే నర్సు మీద, అదే ఏఎన్ఎం మీద. ఒకే గర్భిణి వివరాలను ఏఎన్ఎం రిజిస్టర్లో ఒకసారి, యాప్‌లో ఒకసారి, ఇంకో యాప్‌లో మరోసారి ఎక్కిస్తోంది. ఒకచోట రాసింది మిగతాచోట్లకు దానంతటదే చేరేలా చేయడం ఇన్ఫర్మాటిక్స్‌లో అ ఆల పాఠం. అది చేసే మనిషి లేకపోవడం వల్ల ప్రభుత్వం ప్రతి రోజూ వేల గంటల నర్సింగ్ సమయాన్ని టైపింగ్‌కు ధారపోస్తోంది. ఉద్దానం విషయంలో ఆలస్యం ఖరీదు ఇంకా పెద్దది. కారణం తెలియని జబ్బుకు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేస్తూ పోవడమే మిగులుతుంది. ఖర్చు ఎటు ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

గోప్యత గురించి భయపడేవాళ్ల మాటలోనూ న్యాయముంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. కానీ జన్యు సమాచారానికి మామూలు దాపరికం సరిపోదు. పేరు తీసేసినా జన్యుపటం మనిషిని పట్టిస్తుంది, ఆ మనిషితో పాటు అన్నదమ్ములనూ పిల్లలనూ పట్టిస్తుంది. పైన చెప్పుకున్న సమూహాల ఫలితాలు తప్పుడు చేతుల్లో పడితే పెళ్లి సంబంధాల దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా మనుషులకు అన్యాయం జరుగుతుంది. ఆ ప్రమాదాన్ని తగ్గించేదీ శిక్షణే. సమ్మతి పత్రం తెలుగులో, రోగికి అర్థమయ్యే మాటల్లో ఎలా రాయాలో, ఏ సమాచారం ఎవరికి ఎంతవరకు చూపాలో, ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో జాడ ఎలా ఉంచాలో ఈ డిగ్రీలో ఒక సెమిస్టర్ పట్టే విషయం. శిక్షణ లేనివాళ్ల చేతుల్లో ఈ సమాచారం ఇప్పటికే ఉందన్నది మరిచిపోకూడదు.

ఇక దీన్ని ఎవరు మొదలుపెట్టాలి? విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది, వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. ఇంజనీరింగ్ వైపు జేఎన్‌టీయూలున్నాయి, గణన జీవశాస్త్రంలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ చాలాకాలంగా పనిచేస్తోంది, జన్యుశాస్త్రానికి సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి తన సొంత ఎలక్ట్రానిక్ రికార్డుల వ్యవస్థను దశాబ్దానికి పైగా నడుపుతూ, ఆ రికార్డుల నుంచే పరిశోధన పత్రాలు తీస్తోంది. ఇది మన దగ్గర సాధ్యమే అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అడ్డం ఏమిటంటే వైద్య విద్య ఒక శాఖ కింద, సాంకేతిక విద్య ఇంకో శాఖ కింద ఉండటం. రెండు విశ్వవిద్యాలయాల సంతకాలూ ఉన్న ఒకే పట్టా ఇవ్వడానికి రెండు శాఖల కార్యదర్శులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. సీట్లు 30కి మించకూడదు. రాష్ట్రానికి ఒక్క చోటే చాలు, తెలంగాణలో గాంధీలోనో నిమ్స్‌లోనో, ఆంధ్రలో విశాఖ కేజీహెచ్‌లో. ప్రైవేటు కాలేజీలకు కనీసం ఐదేళ్లపాటు అనుమతి ఇవ్వకూడదు, 2000ల నాటి తప్పు మళ్లీ జరగకుండా. అన్నిటికంటే ముందు ప్రతి బోధనాసుపత్రిలోనూ, పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంలోనూ క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్ అధికారి పోస్టు మంజూరు కావాలి, జీతం స్కేలుతో సహా. సూపరింటెండెంట్‌కు నేరుగా నివేదించే హోదా ఉండాలి, లేకపోతే వచ్చిన మనిషిని ప్రింటర్ బాగుచేయడానికి వాడేస్తారు. అడ్మిషన్ల నోటిఫికేషన్ కంటే ముందు ఆ పోస్టుల జీవో రావాలి.